పాఠం 14: ఉష్ణోగ్రత సెన్సర్లు – అనలాగ్, డిజిటల్ రకాలు, ఎంపిక

14.1 పరిచయం

ఈ కింది సంభాషణ చదవండి. పెరటి కోళ్లు పెంచే ఒక గృహిణి, ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్న ఆమె అక్కగారి అబ్బాయి మాట్లాడుకుంటున్నారు. ఆమె ఇంట్లో ఉన్న గుడ్లు పొదిగే పెట్టెకు మీటరు కట్టింది ఆ అబ్బాయే.

"పిన్నీ, పిల్లలు లేచాయా?"

"ఎక్కడ లేచాయి నాయనా! నిన్నటికి ఇరవై ఒక్క రోజులు నిండాయి. అరవై గుడ్లలో ఒక్కటి కూడా పగల్లేదు."

"మీటరు సరిగ్గానే చూపిస్తోంది గదా? నేను 37.5 దగ్గర పెట్టి వెళ్లాను."

"ఇప్పటికీ అదే చూపిస్తోంది. కాని లోపల చెయ్యి పెడితే కోడి కింద ఉండే వెచ్చదనం లేదురా. నీ మీటరు కంటే నా చెయ్యే నయం."

ఇక్కడ మీటరు ఒక మాట చెబుతోంది, చెయ్యి ఇంకో మాట చెబుతోంది. దేన్ని నమ్మాలి? ఈ పాఠం పూర్తయ్యేసరికి ఈ ప్రశ్నకు మీరే జవాబు చెప్పగలుగుతారు.

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. గాలి తిప్పే ఫ్యాను ఉన్న పెట్టెలో ఉష్ణోగ్రత 37.5 నుంచి 37.8 డిగ్రీల దాకా ఉండాలి. రెండు డిగ్రీలు తగ్గితే పిల్లలు ఆలస్యంగా, బలహీనంగా లేస్తాయి, చాలావరకు అసలు లేవవు. రెండు డిగ్రీలు పెరిగితే లోపలి పిండం చనిపోవచ్చు. అంటే ఒక చిన్న పరికరం చెప్పే అంకె మీద అరవై గుడ్లు, మూడు వారాల శ్రమ ఆధారపడి ఉన్నాయి. అందుకే సెన్సరు ఎంపిక ముఖ్యమైనది.

(గమనిక: ప్రత్యేకంగా చెప్పినచోట తప్ప, ఈ పాఠంలో డిగ్రీలంటే సెల్సియస్ డిగ్రీలు.)

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- అనలాగ్, డిజిటల్ సెన్సర్ల మధ్య భేదాన్ని వివరించగలుగుతారు.
- థర్మిస్టర్, ప్లాటినం నిరోధకం, ఉష్ణయుగ్మం, ఐ.సి. సెన్సర్లు పనిచేసే విధానాన్ని చెప్పగలుగుతారు.
- 'సూక్ష్మత', 'ఖచ్చితత్వం' ఒకటి కాదని గుర్తిస్తారు.
- ఒక పనికి తగిన సెన్సరును ఎంచుకోగలుగుతారు.
- మీ సెన్సరు నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే పరీక్షించగలుగుతారు.

14.3 సెన్సరు అంటే ఏమిటి?

జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. చర్మం వేడిని గ్రహించి మెదడుకు కబురు పంపుతుంది. సెన్సరు (సంవేదకం) కూడా ఇటువంటి పనే చేస్తుంది. అది వేడిని గ్రహించి, దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని బట్టి మీటరు అంకె చూపిస్తుంది, లేదా హీటరును నడుపుతుంది, ఆపుతుంది.

ఈ సంకేతం రెండు రకాలుగా ఉండవచ్చు.

అనలాగ్ సంకేతం: ఉష్ణోగ్రత మారిన కొద్దీ వోల్టేజి గాని, నిరోధం గాని ఎక్కడా తెగకుండా మారుతూ ఉంటుంది. ముళ్ల గడియారంలో ముల్లు నెమ్మదిగా జరిగినట్లు ఉంటుంది. ఆ వోల్టేజిని కొలిచి, అంకెగా మార్చే పని మనం చేసుకోవాలి.

డిజిటల్ సంకేతం: సెన్సరు తనలోపలే కొలత పూర్తిచేసి, ఫలితాన్ని 0, 1 అనే అంకెల వరుసగా పంపుతుంది. మనం ఆ అంకెలను చదువుకుంటే చాలు.

వేడిని గ్రహించే భాగం రెండింటిలోనూ అనలాగే. కొలిచే పని ఎక్కడ జరుగుతుందన్నదే అసలు భేదం. అనలాగ్‌లో ఆ పని మన బోర్డు మీద జరుగుతుంది. డిజిటల్‌లో సెన్సరు పొట్టలోనే జరుగుతుంది. ఈ మాటను గుర్తుంచుకోండి. పిన్ని గారి సమస్యకు మూలం ఇందులోనే ఉంది.

14.4 అనలాగ్ సెన్సర్లు

(అ) థర్మిస్టర్: ఉష్ణోగ్రతతో నిరోధం బాగా మారే పదార్థంతో దీన్ని తయారుచేస్తారు. ఎక్కువగా వాడే రకంలో వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 10,000 ఓమ్‌లు ఉండే ఒక సాధారణ థర్మిస్టర్, 0 డిగ్రీల వద్ద సుమారు 33,000 ఓమ్‌లు, 50 డిగ్రీల వద్ద సుమారు 3,600 ఓమ్‌లు చూపుతుంది. చిన్న మార్పును కూడా ఇది పట్టేస్తుంది, ధర కూడా తక్కువ. మనం నోట్లో పెట్టుకునే డిజిటల్ జ్వరమాపకంలో ఉండేది ఇదే. లోపమేమిటంటే నిరోధం సరళరేఖలో మారదు. కాబట్టి పట్టికతోగాని, సూత్రంతోగాని లెక్కకట్టుకోవాలి.

(ఆ) ప్లాటినం నిరోధకం: దీనిని పి.టి. 100 అంటారు. 0 డిగ్రీల వద్ద సరిగ్గా 100 ఓమ్‌లు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓమ్‌లు ఉంటుంది. దాదాపు సరళంగా మారుతుంది. ఏళ్ల తరబడి వాడినా పెద్దగా మారదు. అందుకే కర్మాగారాల్లోను, ప్రయోగశాలల్లోను దీన్ని వాడతారు. కాని ఒక డిగ్రీకి మార్పు 0.4 ఓమ్ కంటే తక్కువ. పొడుగాటి తీగ నిరోధమే అంతకంటే ఎక్కువ కావచ్చు. దాన్ని సవరించడానికి మూడు లేదా నాలుగు తీగలతో కలుపుతారు.

(ఇ) ఉష్ణయుగ్మం (థర్మోకపుల్): రెండు వేర్వేరు లోహపు తీగల చివరలను కలిపి, ఆ అతుకును వేడిచేస్తే చిన్న వోల్టేజి పుడుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబెక్ 1821లో ఈ ధర్మాన్ని గుర్తించాడు. 'కె' రకం ఉష్ణయుగ్మం డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కూడా పనిచేస్తుంది. కాని ఇది కొలిచేది రెండు చివరల మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదాన్ని మాత్రమే. రెండో చివర ఉష్ణోగ్రతను వేరే సెన్సరుతో కొలిచి కలుపుకోవాలి.

(ఈ) ఐ.సి. సెన్సరు: ఉదాహరణకు ఎల్.ఎం. 35. చూడడానికి మూడు కాళ్ల ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది. డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తుంది. అంటే 30 డిగ్రీల వద్ద 300 మిల్లీవోల్టులు. లెక్క ఎంత సులువో చూడండి! మామూలు మల్టీమీటరుతోనే చదువుకోవచ్చు. అయితే అదనపు భాగాలేవీ లేకుండా కలిపితే 2 డిగ్రీలకంటే చల్లని ఉష్ణోగ్రతలను ఇది చూపలేదు.

పాఠ్యగత ప్రశ్నలు 14.1

1. ఎల్.ఎం. 35 నుంచి 295 మిల్లీవోల్టులు వచ్చాయి. ఉష్ణోగ్రత ఎంత?
2. కుండలు కాల్చే ఆవం లోపలి వేడిని కొలవడానికి ఏ సెన్సరు తగినది?
3. జ్వరమాపకంలో ఉండే సెన్సరు ఏది?

14.5 డిజిటల్ సెన్సర్లు

ఎక్కువమంది వాడే డిజిటల్ సెన్సరు డి.ఎస్.18బి20. దీని కొలత పరిధి –55 నుంచి +125 డిగ్రీలు. –10 నుంచి +85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూగా కొలుస్తుంది. విద్యుత్ సరఫరా కాక, కబుర్లకు ఒకే ఒక తీగ చాలు. ఆ తీగకు, సరఫరా తీగకు మధ్య 4,700 ఓమ్‌ల నిరోధకం ఒకటి కలపాలి. ప్రతి సెన్సరుకూ తనదైన సంఖ్య ఉంటుంది, కాబట్టి ఒకే తీగ మీద అనేక సెన్సర్లను కట్టవచ్చు. మిరపకాయలు నిల్వచేసే శీతల గిడ్డంగిలో నాలుగు మూలలా, పైనా కిందా కొలవాలంటే ఇది ఎంతో అనుకూలం.

తీగలో వచ్చే అలజడిని ఇది ఎలా తట్టుకుంటుంది? పక్కన మోటారు గాని, ట్యూబులైటు చోకు గాని ఉంటే తీగలో కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. ఎల్.ఎం. 35 తీగలో 5 మిల్లీవోల్టులు కలిస్తే చాలు, కొలత అర డిగ్రీ మారిపోతుంది. డిజిటల్ తీగలో వెళ్లేవి 0, 1 మాత్రమే. చిన్న అలజడికి 0 పోయి 1 కాదు. పెద్ద అలజడి వచ్చి అంకె మారినా, వెంట వచ్చే సరిచూపు సంఖ్య ద్వారా ప్రోగ్రాము తప్పును పసిగట్టి మళ్లీ అడగగలదు.

డి.హెచ్.టి.11, డి.హెచ్.టి.22 అనేవి ఉష్ణోగ్రతతోపాటు గాలిలోని తేమను కూడా కొలుస్తాయి. వీటిలో డి.హెచ్.టి.11 ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీల దాకా తేడా చూపవచ్చు. డి.హెచ్.టి.22 తేడా అర డిగ్రీ.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. 'డిజిటల్ కదా, ఖచ్చితంగా ఉంటుంది' అనుకుంటారు. రెండు డిగ్రీల తేడా చూపగల డి.హెచ్.టి.11 డిజిటల్ సెన్సరే. 25 డిగ్రీల వద్ద అర డిగ్రీలోపు తేడాతో కొలిచే ఎల్.ఎం. 35 అనలాగ్ సెన్సరే. ఖచ్చితత్వం సెన్సరు నాణ్యతను బట్టి వస్తుంది. అది డిజిటలా, అనలాగా అన్నదాన్ని బట్టి రాదు.

14.6 సూక్ష్మత – ఖచ్చితత్వం

బట్టల దుకాణంలో ఒక టేపు ఉందనుకుందాం. దాని మీద మిల్లీమీటరు గీతలన్నీ చక్కగా ఉన్నాయి. కాని వాడి వాడి టేపు సాగిపోయింది. దానితో కొలిస్తే మిల్లీమీటరు దాకా అంకె చెప్పవచ్చు, కాని ఆ అంకె తప్పు. గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది సూక్ష్మత. చెప్పిన అంకె నిజానికి ఎంత దగ్గరగా ఉందన్నది ఖచ్చితత్వం.

డి.ఎస్.18బి20 సెన్సరు 0.0625 డిగ్రీ మెట్లలో చెబుతుంది. కాని దాని ఖచ్చితత్వం అర డిగ్రీ. మీటరు మీద 37.5625 అని కనిపిస్తే, నిజం 37.1 నుంచి 38.1 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. దశాంశ బిందువు తరువాత అంకెలు ఎక్కువ ఉన్నంత మాత్రాన మోసపోకండి.

14.7 పిన్ని గారి మీటరులో దోషం ఎక్కడ?

ఇప్పుడు మొదటి సమస్యకు వద్దాం. అబ్బాయి ఎల్.ఎం. 35 సెన్సరును ఆర్డుయినో బోర్డుకు కలిపాడు. ఆ బోర్డు 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న వోల్టేజిని 1024 మెట్లుగా విభజిస్తుంది.

ఒక మెట్టు = 5000 ÷ 1024 = 4.88 మిల్లీవోల్టులు

డిగ్రీకి 10 మిల్లీవోల్టులు కాబట్టి ఒక మెట్టు అంటే దాదాపు అర డిగ్రీ. 37.5కూ 37.8కీ తేడా చెప్పలేని కొలబద్ద ఇది. ఇది మొదటి దోషం.

రెండోది ఇంకా పెద్దది. బోర్డుకు 5 వోల్టులు అందుతున్నాయనుకుని అబ్బాయి లెక్క కట్టాడు. సన్నని పొడుగాటి తీగతో చార్జరు నుంచి సరఫరా ఇవ్వడం వల్ల బోర్డు దగ్గరికి వచ్చేది 4.75 వోల్టులే. అప్పుడు:

- నిజమైన మెట్టు = 4750 ÷ 1024 = 4.64 మిల్లీవోల్టులు
- 77వ మెట్టు దగ్గర ప్రోగ్రాము చెప్పేది: 77 × 4.88 = 376 మిల్లీవోల్టులు, అంటే 37.6 డిగ్రీలు
- నిజంగా ఉన్నది: 77 × 4.64 = 357 మిల్లీవోల్టులు, అంటే 35.7 డిగ్రీలు

మీటరు 37.6 చూపగానే హీటరు ఆగిపోతోంది. పెట్టెలో ఉన్నది మాత్రం 35.7 డిగ్రీలే. పిన్ని గారి చెయ్యి చెప్పిందే నిజం. సెన్సరు తప్పు చెప్పలేదు, దాన్ని కొలిచిన కొలబద్ద సాగింది.

దీనికి పరిష్కారాలు రెండు. మొదటిది, బోర్డు లోపల ఉండే 1.1 వోల్టుల ఆధార వోల్టేజిని కొలబద్దగా వాడడం. అప్పుడు ఒక మెట్టు 1.07 మిల్లీవోల్టులు, అంటే సుమారు 0.1 డిగ్రీ. సరఫరా కొద్దిగా తగ్గినా ఇది మారదు. అయితే ఈ 1.1 వోల్టులు ఒక్కొక్క బోర్డులో కొద్దిగా వేరుగా ఉంటుంది, కాబట్టి ఒకసారి మల్టీమీటరుతో కొలిచి లెక్కలో వేసుకోవాలి. రెండోది, డిజిటల్ సెన్సరు వాడడం. అందులో కొలత సెన్సరు లోపలే జరుగుతుంది కాబట్టి బోర్డు సరఫరాలోని చిన్న తేడా దాన్ని బాధించదు.

పాఠ్యగత ప్రశ్నలు 14.2

1. సూక్ష్మతకు, ఖచ్చితత్వానికి భేదమేమిటి?
2. టీకాలు దాచే రిఫ్రిజిరేటరులో 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. రెండు డిగ్రీల తేడా చూపగల సెన్సరు అందులో 3 డిగ్రీలు చూపుతోంది. టీకాలు సురక్షితమని చెప్పగలమా?

14.8 ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఎంత వేడి, ఎంత చలి? వందల డిగ్రీలు దాటితే ఉష్ణయుగ్మం. అతి శీతలం నుంచి నూరు డిగ్రీల దాకా అయితే థర్మిస్టర్ గాని, డి.ఎస్.18బి20 గాని.
2. ఎంత తేడాను భరించగలం? గది వేడి తెలుసుకోవడానికి ఒక డిగ్రీ తేడా లెక్కలోకి రాదు. గుడ్లకు, టీకాలకు అలా కాదు. హెపటైటిస్-బి వంటి టీకాలు గడ్డకడితే పనికిరాకుండా పోతాయి.
3. తీగ ఎంత దూరం? ఒక అడుగు దూరమైతే అనలాగ్ చాలు. పది మీటర్లు, పక్కన మోటార్లు ఉంటే డిజిటల్ మేలు.
4. ఎన్ని చోట్ల కొలవాలి? అనేక చోట్లయితే ఒకే తీగ మీద కట్టగల డిజిటల్ సెన్సర్లు.
5. ఎంత త్వరగా తెలియాలి? చిన్న థర్మిస్టర్ త్వరగా స్పందిస్తుంది. స్టీలు గొట్టంలో బిగించిన సెన్సరు వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది.
6. తడి తగులుతుందా? తగిలేటట్లయితే నీరు చొరని తొడుగు ఉన్నదే కొనండి.
7. రికార్డు కావాలా? 2015లో మన దేశంలో ప్రారంభమైన 'ఈవిన్' వ్యవస్థలో టీకాల శీతల పెట్టెల ఉష్ణోగ్రతను సెన్సర్ల ద్వారా నమోదుచేసి దూరంగా ఉన్న అధికారులకు కూడా తెలియజేస్తారు. ఇటువంటి పనికి డిజిటల్ కొలత తప్పనిసరి.

14.9 తీగ తెగితే ఏమవుతుంది?

ఇది చాలామంది వేసుకోని ప్రశ్న. థర్మిస్టర్ తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది. దాన్ని ప్రోగ్రాము 'విపరీతమైన చలి'గా అర్థం చేసుకుని హీటరును ఆపకుండా నడుపుతుంది. డి.ఎస్.18బి20కి కరెంటు పోయి వస్తే, కొత్త కొలత పూర్తికాకముందే చదివితే 85 డిగ్రీలు అని చెబుతుంది. దాని తీగ ఊడిపోతే సాధారణంగా వాడే ప్రోగ్రాములు –127 అని చూపుతాయి. –127ను నిజమని నమ్మితే పెట్టె కాలిపోతుంది, గుడ్లు ఉడికిపోతాయి.

కాబట్టి ఈ నియమం పాటించండి: నమ్మశక్యం కాని అంకె వస్తే హీటరు ఆగాలి, గంట మోగాలి. పొదిగే పెట్టెలో 10 కంటే తక్కువ, 45 కంటే ఎక్కువ వస్తే అది సెన్సరు దోషమని ప్రోగ్రాములో రాసుకోవచ్చు.

14.10 కృత్యం – మీ సెన్సరును పరీక్షించండి

బజారులో అసలును పోలిన నకిలీ సెన్సర్లు కూడా దొరుకుతాయి. అందువల్ల కొన్న ప్రతి సెన్సరునూ పరీక్షించాలి.

పరీక్ష 1 (మంచు): మంచుగడ్డను పొడిచేసి గ్లాసు నింపండి. కొద్దిగా చన్నీళ్లు పోసి కలపండి. నీరు చొరని సెన్సరును గ్లాసు మధ్యలో ఉంచి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగండి. 0 డిగ్రీలు రావాలి. 0.4 వస్తే మీ సెన్సరు ఆ మేరకు ఎక్కువ చూపుతోందని రాసుకోండి. మామూలుగా కలిపిన ఎల్.ఎం. 35కు ఈ పరీక్ష పనికిరాదు. కారణం 14.4లో చదివారు.

పరీక్ష 2 (జ్వరమాపకం): గ్లాసులో గోరువెచ్చని నీరు తీసుకోండి. నీరు 40 డిగ్రీలకు మించకూడదు. సెన్సరును, డిజిటల్ జ్వరమాపకం కొనను పక్కపక్కన ముంచి కలపండి. జ్వరమాపకం 'బీప్' అన్నప్పుడు రెండు అంకెలూ రాసుకోండి. మన ఇళ్లలో ఉండే జ్వరమాపకం చాలాసార్లు ఫారెన్‌హీట్‌లో చూపుతుంది. 99.5 ఫారెన్‌హీట్ అంటే 37.5 సెల్సియస్. గుడ్ల పెట్టెకు మనకు కావలసింది ఈ అంకె దగ్గరే కాబట్టి, ఈ పరీక్ష చాలా విలువైనది.

హెచ్చరిక: మరిగే నీటిని 100 డిగ్రీలని గుడ్డిగా నమ్మకండి. అది సముద్రమట్టం దగ్గరి లెక్క. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీరు సుమారు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. సెన్సరు 98 చూపితే అది తప్పు కాదు.

పరీక్ష అయ్యాక సెన్సరును సరైన చోట అమర్చండి. పొదిగే పెట్టెలో గుడ్ల ఎత్తులోనే ఉండాలి. బల్బుకు ఎదురుగా గాని, గోడకు ఆనించి గాని పెట్టకూడదు.

14.11 సారాంశం

- సెన్సరు వేడిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అనలాగ్‌లో కొలత మన బోర్డు మీద, డిజిటల్‌లో సెన్సరు లోపల జరుగుతుంది.
- అనలాగ్ సెన్సరు చెప్పేది నిజమే అయినా, కొలిచే ఆధార వోల్టేజి తప్పయితే ఫలితం తప్పవుతుంది.
- డిజిటల్ అయినంత మాత్రాన ఖచ్చితం కాదు.
- పరిధి, తేడా, దూరం, సంఖ్య, వేగం, తడి, రికార్డు – వీటిని బట్టి ఎంచుకోవాలి.
- తీగ తెగినా ప్రమాదం జరగకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి.
- తెలిసిన ఉష్ణోగ్రతతో పోల్చి చూడకుండా ఏ సెన్సరునూ నమ్మకూడదు.

ఆ అబ్బాయి సెన్సరు మార్చాడు. జ్వరమాపకంతో సరిచూసి, తేడాను ప్రోగ్రాములో సవరించాడు. పెట్టె వేడెక్కిన తరువాత పిన్ని లోపల చెయ్యి పెట్టి చూసింది. "ఇప్పుడు నా చెయ్యీ, నీ మీటరూ ఒకే మాట చెబుతున్నాయిరా. గుడ్లు పెడదాం" అంది.

14.12 అభ్యాసం

1. ఒక పశువైద్యశాల రిఫ్రిజిరేటరుకు మీరు ఏ సెన్సరు సూచిస్తారు? మూడు కారణాలు రాయండి.
2. ఎల్.ఎం. 35తో పనిచేసే మీటరు, బోర్డు సరఫరా తగ్గితే ఎక్కువ చూపుతుందా, తక్కువ చూపుతుందా? లెక్కతో వివరించండి.
3. మీ ఇంట్లోగాని, మీరు పనిచేసే చోటగాని ఉష్ణోగ్రతను కొలిచే మూడు పరికరాలను గుర్తించి, వాటిలో ఏ రకం సెన్సరు ఉండవచ్చో రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

14.1: (1) 29.5 డిగ్రీలు. (2) 'కె' రకం ఉష్ణయుగ్మం. (3) థర్మిస్టర్.

14.2: (1) మెట్లు ఎంత చిన్నవన్నది సూక్ష్మత, చెప్పిన అంకె నిజానికి ఎంత దగ్గరన్నది ఖచ్చితత్వం. (2) చెప్పలేము. నిజమైన ఉష్ణోగ్రత 1 నుంచి 5 డిగ్రీల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అది 2 కంటే తక్కువైతే టీకాలు గడ్డకట్టే ప్రమాదం దగ్గరపడినట్లే.